కార్డుందని ఏఎన్ఎం వదిలేసింది, జబ్బు లేదని పాలీక్లినిక్ వదిలేసింది: రిటైరైన మా పిన్నికి పరీక్షలు ఎవరు చేయాలి?

పొన్నూరు_పిల్ల
మా పిన్ని మిలిటరీ నర్సింగ్ సర్వీసులో మేజరుగా రిటైరైంది. వయసు 63. పొన్నూరు దగ్గర పల్లెలో తాతయ్య కట్టించిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేనుండేది విజయవాడలో. పోయిన నెల ఆరోగ్య సర్వే అని ఇద్దరు ఫారాలు పట్టుకుని వచ్చారట. బీపీ, షుగరు, క్యాన్సర్ లక్షణాలు రాసుకునే సర్వే. పిన్ని ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులకి, వాళ్ళ కుటుంబాలకి ఉన్న ఆరోగ్య పథకం) కార్డు సంగతి చెప్పగానే "మీకు మిలిటరీ ఆసుపత్రి ఉంది కదమ్మా" అని పక్కింటికి వెళ్ళిపోయారు.

సరేనని ఆ పథకం వాళ్ళ పాలీక్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఏ పాలీక్లినిక్కో చెప్పను. డాక్టరుగారి మొదటి ప్రశ్న "కంప్లైంట్ ఏంటి?" ఏమీ లేదండీ, ఈ వయసు ఆడవాళ్ళకి చేయాల్సిన పరీక్షలు చేయిద్దామని వచ్చాం అన్నాను. "కంప్లైంట్ లేకుండా రిఫరల్‌లో (బయటి ఆసుపత్రికి పంపే చీటీలో) ఏమని రాయమంటారు?" అని బీపీ చూసి పంపేశారు. తమాషా ఏంటంటే పిన్ని కూడా ఆయన పక్షమే. "నాకేం, ఐ యామ్ ఫిట్" అంటుంది. సర్వీసంతా ఇంకొకరికి పరీక్షలు చేయించిన మనిషి, రిటైరయ్యాక తను ఒక్క పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష) చేయించుకోలేదు.

మా చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఇలా కార్డున్న ఆడవాళ్ళు తొమ్మిదిమంది తేలారు. పిన్ని తప్ప మిగతావాళ్ళంతా జవాన్ల భార్యలు, భర్త పోయినవాళ్ళు. వీళ్ళందరికీ ఏటా ఒక పద్ధతిగా పరీక్షలు జరగాలంటే ఎవరిని పట్టుకోవాలి?

ఫౌజీ_బాబాయ్
అమ్మాయ్, పాలీక్లినిక్‌ని ఆడిపోసుకునే ముందు ఒక మాట. 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్‌ఎస్ మొదలయ్యేదాకా మనకి ఏముంది? సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌కో, విశాఖలో నేవీ వాళ్ళ కళ్యాణి ఆసుపత్రికో రైలెక్కడమే. తెనాలి నుంచి మా నాన్నని మోకాళ్ళ నొప్పులతో సికింద్రాబాద్ తీసుకెళ్ళిన వాణ్ణి నేను. ఇప్పుడు గుంటూరులో, విజయవాడలో పాలీక్లినిక్‌లున్నాయి. ఉన్నదాని విలువ తెలుసుకోవాలి.

మిర్చియార్డు
బాబాయ్, ఆవిడ విలువ తెలియక అడగట్లేదు. పరీక్ష చేయమని అడుగుతోంది. పెళ్ళికి పిలిచి విస్తరి వేయకపోతే ఎవరైనా అడుగుతారుగా.

ఫౌజీ_బాబాయ్
విస్తరి వేశారయ్యా. ఆకలేస్తే కూర్చోమన్నారు.

మిర్చియార్డు
అక్కడే తేడా కొడుతోంది. క్యాన్సర్‌కి ఆకలి తెలిసేసరికి మూడో స్టేజి.

సిస్టర్_రిటైర్డ్
నేనూ ఎమ్మెన్నెస్సే, అదే మిలిటరీ నర్సింగ్ సర్వీసే. ఫిరంగిపురం. ఈ పిన్నిగారెవరో నాకు తెలియదు కానీ ఆవిడ "ఐ యామ్ ఫిట్" ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. యూనిఫాంలో ఉన్నంతకాలం ఏటా మెడికల్ ఉంటుంది. తప్పించుకోవడానికి లేదు, తేదీ వాళ్ళే ఇస్తారు. మానసికం, వినికిడి, కాళ్ళూ చేతులూ, ఒళ్ళు, కళ్ళు, ఈ ఐదూ చూసి షేప్ వన్ అని రాస్తారు. ఆ షేప్ వన్ అనేది మా బుర్రల్లో అలా పచ్చబొట్టులా ఉండిపోతుంది. రిటైరైన మర్నాటి నుంచి తేదీ ఇచ్చేవాళ్ళుండరు. ఒంట్లో ఏమీ తేడా లేదు కాబట్టి ఇంకా షేప్ వన్‌లోనే ఉన్నామనుకుంటాం. మా బ్యాచ్‌లో సగంమంది ఇంతే.

జవాన్ల భార్యల సంగతి ఇంకా ఘోరం. వాళ్ళకి ఆ ఏటేటా పిలుపు ఎప్పుడూ లేదు. కాన్పు అయితే మిలిటరీ హాస్పిటల్, జ్వరమొస్తే ఎంఐ రూమ్, అంటే యూనిట్‌లోని చిన్న వైద్యశాల. అంతే.

పొన్నూరు_పిల్ల
సిస్టర్ గారూ, పచ్చబొట్టు మాట పిన్నికి చదివి వినిపించాను. నవ్వి ఊరుకుంది, నాకెందుకో ఆశ పుట్టింది.

లెక్కలమాస్టారు
ముందు ఎవరు ఏ గంపలో ఉన్నారో తేల్చుకోండి, లేకపోతే ఈ చర్చ ఎటో పోతుంది. మా చెల్లెలు సీఆర్‌పీఎఫ్ మహిళా బెటాలియన్‌లో చేసి వచ్చింది. 1986లో పెట్టిన 88వ బెటాలియన్. తుపాకీ పట్టి కశ్మీరులో తిరిగినా ఆమె "మాజీ సైనికురాలు" కాదు. పారామిలిటరీ కాబట్టి ఈసీహెచ్‌ఎస్ రాదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ దారి. కాబట్టి ఊళ్ళో "మిలిటరీ ఆవిడ" అన్నవాళ్ళందరినీ ఒకే పాలీక్లినిక్‌కి తోలకండి.

బెజవాడ_బుజ్జి
మా అత్తయ్య షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే కొన్నేళ్ళకే తీసుకునే ఆఫీసరు. 1992లో ఆడవాళ్ళని ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలుపెట్టాక వెళ్ళిన తొలినాళ్ళ వాళ్ళలో ఒకతె. పెన్షన్ లేదు కాబట్టి చాలాకాలం ఈసీహెచ్‌ఎస్ కూడా లేదు. 2019 మార్చిలో కేబినెట్ షార్ట్ సర్వీస్ వాళ్ళకీ తలుపు తీసింది. షరతులున్నాయి, పెన్షనర్లకి ఉన్నట్టు అన్నీ ఉండవు. కానీ ఈ సంగతే తెలియని అత్తయ్యలు బోలెడుమంది. ఎవరైనా ఉంటే అడిగి చూడండి.

సిస్టర్_రిటైర్డ్
ఇంకో గంప మర్చిపోయారు మాస్టారూ. పెళ్ళి చేసుకున్నారని మా సర్వీసు నుంచి ఇంటికి పంపించేసిన నర్సులు. 1977 నాటి రూలు, 1995లో తీసేశారు. లెఫ్టినెంట్ సెలీనా జాన్‌ని 1988లో అలాగే పంపించారు. ఆవిడ కోర్టుకెళ్తే 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అది ఆడవాళ్ళ పట్ల వివక్షేనని 60 లక్షలు ఇమ్మంది. ఆవిడ పోరాడింది. మా వైపు చర్చి గంట వినపడే ఊళ్ళలో పోరాడకుండా పిల్లల్ని పెంచుకుంటూ ఉండిపోయిన వాళ్ళున్నారు. పెన్షన్ లేదు, కార్డు లేదు. వీళ్ళకి ఊరి ఆరోగ్య కేంద్రమే దిక్కు.

కౌంటర్_నంబర్3
కొన్నేళ్ళు ఒక పాలీక్లినిక్‌లో కాంట్రాక్టు మీద పనిచేశాను, ఇప్పుడు మానేశాను. లోపలివైపు నుంచి చెబుతా. పొద్దున గేటు తీసేసరికి చెట్టు కింద అరవై డెబ్భైమంది ఉంటారు. బీపీ మందులు, షుగరు మందులు, గుండె రిఫరల్ పొడిగింపు. అందులో సగం మందులు ఎన్ఏ, అంటే స్టాకు లేదు, బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోవాలి. ఆ గొడవతోనే మధ్యాహ్నం అయిపోతుంది. గైనకాలజిస్టు పోస్టు పెద్ద పాలీక్లినిక్‌లకే ఉంటుంది. చిన్నవాటిలో మెడికల్ ఆఫీసర్లు, ఒక డెంటిస్టు, నర్సు. జబ్బు లేని మనిషికి టైమివ్వడం అక్కడ ఎవరి పనీ కాదు. చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళ రోజు అలా ఉంటుంది.

ఒక కిటుకు. "చెకప్" అనకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మెనోపాజ్ అయి ఇన్నేళ్ళయింది, మా అమ్మమ్మకి రొమ్ము క్యాన్సర్ ఉండేది, నడుం నొప్పి ఉంది, ఎత్తు తగ్గింది. ఇవి రాస్తే డాక్టరు చేతికి రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

లెక్కలమాస్టారు
అంటే అబద్ధం చెప్పమంటారా?

కౌంటర్_నంబర్3
మాస్టారూ, "ఉన్నది ఉన్నట్టు" అనే రాశాను. 63 ఏళ్ళ మనిషికి నడుం నొప్పి లేదంటే అది అబద్ధం.

ఏఎన్ఎం_అక్క
నేను తెనాలి వైపు సబ్‌సెంటర్‌లో చేస్తున్నాను. కార్డుంటే వదిలేయమని మాకు ఎక్కడా చెప్పలేదు. 30 దాటిన ప్రతి మనిషీ లిస్టులో ఉండాలి. ఆశా ఇంటికొచ్చి ఫారంలో మార్కులు వేస్తుంది, పొగాకు తాగుతారా, నడుం చుట్టుకొలత ఎంత, ఇంట్లో షుగర్ ఎవరికైనా ఉందా అని. నాలుగు దాటితే ముందు పిలవాలి. బీపీ, షుగరు ఏటా. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఐదేళ్ళకోసారి. ఇది కేంద్రం ప్రోగ్రాం, రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి ఇంటింటికీ క్యాన్సర్ సర్వే కూడా నడిపారు.

మరి ఎందుకు వదిలేశారంటారా? ఒక ఆశాకి వెయ్యిమంది జనాభా. యాప్ పొద్దున్న ఓపెన్ కాదు. తలుపు తీసి "మాకు మిలిటరీ ఉంది, మేం చూపించుకుంటాం" అన్నవాళ్ళని బతిమాలే ఓపిక నాలుగో వీధికి వచ్చేసరికి ఉండదు. పొన్నూరు చెల్లీ, మీ పిన్నిగారిని సబ్‌సెంటర్‌కి వెళ్ళి పేరు రాయించుకోమనండి. కాదనే హక్కు ఎవరికీ లేదు.

పొన్నూరు_పిల్ల
అక్కా, చాలా థాంక్స్. అయితే ఆ గర్భాశయ పరీక్ష సబ్‌సెంటర్‌లోనే చేస్తారా? మా ఊరి సెంటర్ తలుపుకి గడియ పడదు. బయట బెంచీ మీద ఎప్పుడూ ఇద్దరు పెద్దమనుషులు పేపరు చదువుతూ ఉంటారు.

మిర్చియార్డు
పేపరు ఇవాళ్టిదా, పోయినవారందా?

ఏఎన్ఎం_అక్క
నవ్వకండి, అదే పెద్ద సమస్య. పరదా కట్టినా రారు. పైగా చేసేది నేనైతే "మా మేనకోడలి తోడికోడలు" అని సిగ్గు. ఆ పరీక్ష నేర్చుకున్న స్టాఫ్ నర్సు పీహెచ్‌సీలోనో సీహెచ్‌సీలోనో ఉంటుంది. అక్కడికే పంపిస్తాం.

గైనిక్_గుంటూరు
ఒకటి రెండు విషయాలు సరిచేయాలి, ఓపిగ్గా చదవండి.

పీహెచ్‌సీలో చేసే గర్భాశయ ముఖద్వార పరీక్ష చాలా సులువు. పల్చటి ఎసిటిక్ యాసిడ్, 3 నుంచి 5 శాతం, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లగా అవుతుంది. వీఐఏ అంటారు. నలభై ఏళ్ళ ఆవిడకి ఇది చక్కగా పనికొస్తుంది. అయితే మెనోపాజ్ తర్వాత చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది, పైకి కనబడదు. కాబట్టి 63 ఏళ్ళ పిన్నిగారికి వీఐఏ బాగుందని రాసినా దాన్ని పూర్తిగా నమ్మలేం. ఆవిడకి పాప్ స్మియరో, హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్షో కావాలి. అందుకే తొమ్మిదిమందినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టకండి. యాభై లోపు వాళ్ళు పీహెచ్‌సీకి, పైవాళ్ళు గుంటూరు పెద్దాసుపత్రికో మంగళగిరి ఎయిమ్స్‌కో.

రొమ్ము విషయానికొస్తే, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) దొరకలేదని మానేయకండి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళని ఇరవై ఏళ్ళు వెంబడించి చూశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేసిన గుంపులో, 50 దాటిన వాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 2021లో అచ్చైంది. చేత్తో చేసే పరీక్ష అంటే చులకన వద్దు.

మెనోపాజ్ అయ్యాక ఒక్క చుక్క రక్తం కనిపించినా అది స్క్రీనింగ్ కాదు, కంప్లైంట్. ఆ రోజే పాలీక్లినిక్‌కి వెళ్ళండి, రిఫరల్ ఇవ్వక చస్తారా.

లెక్కలమాస్టారు
డాక్టరు గారూ, 30 శాతం అన్నది 50 దాటినవాళ్ళలోనే కదా? చిన్నవాళ్ళలో?

గైనిక్_గుంటూరు
చిన్నవాళ్ళలో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అందుకే ఆ మాట కలిపి రాశాను.

బెజవాడ_బుజ్జి
మరి లాబ్ వాళ్ళు ఇంటికొచ్చి రక్తం తీసుకునే ప్యాకేజీలున్నాయిగా? 999కి డెబ్భై పరీక్షలు, క్యాన్సర్ మార్కర్ ఉచితం అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో రోజూ వస్తుంది. తొమ్మిదిమందికీ అది కొట్టించేస్తే తలనొప్పి వదిలిపోతుంది.

గైనిక్_గుంటూరు
తలనొప్పి అప్పుడే మొదలవుతుంది. సీఏ 125 లాంటి మార్కర్లు, అంటే క్యాన్సర్ గుర్తులు వెతికే రక్తపరీక్షలు, లక్షణాలు లేనివాళ్ళలో స్క్రీనింగ్‌కి పనికిరావు. కాస్త ఎక్కువొస్తే స్కాను, మళ్ళీ స్కాను, నిద్ర పట్టదు. తక్కువొస్తే క్యాన్సర్ లేదని ధీమా. రెండూ తప్పే. ఆ డెబ్భైలో మనకి కావాల్సినవి హిమోగ్లోబిన్, షుగరు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మరీ అవసరమైతే థైరాయిడ్. 65 దాటిన వాళ్ళకి, అంతకుముందే ఎముక విరిగిన వాళ్ళకి డెక్సా స్కాను, ఎముకల గట్టిదనం చూసేది.

పాలసీ_ప్రసన్న
మాజీ సైనికుల కుటుంబాలకు ప్రత్యేక ఆరోగ్య బీమా, మెడికల్ టెస్టు లేకుండా, వివరాలకు...

నిర్వాహకుడు
నంబరు తీసేశాను. ప్రసన్న గారూ, ఇది రెండోసారి.

మిర్చియార్డు
టెస్టులు కావాలని మేం మొత్తుకుంటుంటే ఈయన టెస్టు లేకుండా ఇస్తానంటున్నాడు.

డాలస్_గుంటూరోడు
ఇక్కడ మా పక్కింటావిడ అమెరికా ఆర్మీలో చేసి వచ్చింది. వెటరన్స్ ఆసుపత్రులు, వీఏ అంటారు, ప్రతి పెద్ద వీఏ సెంటర్‌లో మహిళా వెటరన్ల కోసం ప్రోగ్రాం మేనేజర్ అని ఒక మనిషిని పెడతారు. మామోగ్రామ్ టైమైందని వాళ్ళే ఫోన్ చేస్తారు. ఊరు దూరమైతే బయటి ఆసుపత్రిలో చేయించి రిపోర్టు తెప్పించుకుంటారు. మామోగ్రఫీ సరిగా దొరకని చోట్ల కోసం 2022 జూన్‌లో విడిగా చట్టమే చేశారు, దూరంగా ఉన్న రేడియాలజిస్టు ఫిల్ము చూసేలా. అలాగని అంతా స్వర్గం కాదు. ఆవిడ అపాయింట్‌మెంట్ కోసం గంటన్నర డ్రైవ్ చేస్తుంది, వీఏలో మగవాళ్ళ గుంపులో "మీ ఆయన కోసం వచ్చారా?" అని అడిగించుకుంటుంది.

సిస్టర్_రిటైర్డ్
అది మాత్రం దేశమేదైనా ఒకటే! పాలీక్లినిక్ క్యూలో నన్ను "సార్ పేరు చెప్పండమ్మా" అన్నారు. సార్ లేడు బాబూ, నేనే సారు అన్నాను.

ఫౌజీ_బాబాయ్
హహ. జైహింద్ మేడమ్.

అది సరే డాలస్ బాబూ, ఇక్కడ ఆ ఫోన్ చేసే మనిషి ఎక్కడినుంచి వస్తాడు? ఊరికే అక్కడలా ఇక్కడిలా అంటే పని జరగదు.

డాలస్_గుంటూరోడు
బాబాయ్, గొప్పకి చెప్పలేదు. అక్కడ నాకు నచ్చింది యంత్రాలు కాదు, ఆ ఫోన్ చేసే మనిషి. ఆ మనిషికి లిస్టు ఉంటుంది. ఇక్కడ తొమ్మిదిమంది లిస్టు ఆల్రెడీ ఈ అమ్మాయి దగ్గరుంది.

కృష్ణలంక_కోడలు
లిస్టులో పేరు రాసేముందు కార్డు మీద పేరు చూడండి. మా అత్తగారిది మైలవరం వైపు. మామయ్య హవల్దారు. ఆయన సర్వీసు రికార్డులో, పార్ట్ టూ ఆర్డరంటారు, అత్తయ్య పేరు "లక్ష్మి". ఆధార్‌లో "మహాలక్ష్మమ్మ". పుట్టిన తేదీ ఒకచోట ఉగాది లెక్కన వేసింది, ఒకచోట స్కూలు మాస్టారు వేసింది. మామయ్య ఉన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షనూ ఆగింది, కార్డూ ఆగింది. ఒక ఆఫీసులో అఫిడవిట్ అంటారు, ఇంకో ఆఫీసులో గెజిట్ అంటారు. ఆ టైములో అత్తయ్యకి బీపీ మందులు ఆగిపోయి కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్షల సంగతి తర్వాత, భర్త బతికుండగానే పేరు సరిచేయించుకోమని ప్రతి జవాను భార్యకీ చెప్పండి.

ఫౌజీ_బాబాయ్
ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే రికార్డ్స్ ఆఫీసుకి ఎలా రాయాలో చెబుతారు. నేను కాగితాలు రాసిపెడతా, తెనాలి వస్తే. ఇంకో మాట, యుద్ధంలో భర్త పోయిన వీర నారీలకి ఈసీహెచ్‌ఎస్ చందా కట్టక్కర్లేదు. అది తెలియక కార్డు తీసుకోనివాళ్ళని చూశాను.

లెక్కలమాస్టారు
70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ కార్డు వచ్చిందిగా, 5 లక్షలది. మా ఊళ్ళో మిలిటరీ పెద్దావిడకి కూడా చేయించేశారు. రెండు కార్డులుంటే రెండు లాభాలని.

కౌంటర్_నంబర్3
కాదు మాస్టారూ. ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్ళు రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఆయుష్మాన్‌లో ఆసుపత్రిలో చేరితేనే డబ్బు. ఓపీ, రోజూ మందులు అందులో రావు. మందులు వాడేవాళ్ళు ఈసీహెచ్‌ఎస్ వదులుకుంటే కష్టం. ఆ పెద్దావిడ ఏది ఎంచుకున్నట్టు రాశారో ఒకసారి చూడండి.

లెక్కలమాస్టారు
సాయంత్రం వెళ్ళి చూస్తాను.

పొన్నూరు_పిల్ల
ఇప్పటిదాకా నాకు అర్థమైంది ఇది. బీపీ, షుగరు, నోరు, రొమ్ము పరీక్ష ఊళ్ళో ఏఎన్ఎం దగ్గర. యాభై లోపు వాళ్ళకి వీఐఏ పీహెచ్‌సీలో. పైవాళ్ళు గుంటూరు లేదా ఎయిమ్స్. ఏదైనా తేడా వస్తే ఆ కాగితం పట్టుకుని పాలీక్లినిక్, అప్పుడు కంప్లైంట్ ఉన్నట్టే. అయితే నాకున్న భయం ఒకటే. ఊళ్ళో రాసింది పాలీక్లినిక్‌కి తెలియదు, అక్కడ రాసింది ఊళ్ళో తెలియదు. పిన్నికి షుగరు బోర్డర్‌లో ఉందని ఎవరో ఎప్పుడో చెప్పారట, ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఏఎన్ఎం_అక్క
అందరికీ ఆభా నంబరు (డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) తీయించండి, 14 అంకెలది. మేం ఎక్కించేది దానికే తగులుతుంది. అయినా నేనైతే కాగితం నమ్ముతా. ఒక్కొక్కరికి ఒక ఫైలు, పాలీక్లినిక్ బుక్కు జిరాక్సు, మా చీటీలు అన్నీ అందులోనే.

సిస్టర్_రిటైర్డ్
ఫైలు ఆ ఆడవాళ్ళ దగ్గరే ఉండాలి, కొడుకుల దగ్గర కాదు. కొడుకు హైదరాబాద్ వెళ్ళిపోతే ఫైలు కూడా వెళ్ళిపోతుంది.

బెజవాడ_బుజ్జి
తేదీ సంగతేంటి? నవంబరులో పెట్టండి. పెన్షన్‌వాళ్ళు చాలామంది లైఫ్ సర్టిఫికెట్‌కి అప్పుడే టౌనుకి వస్తారు. బతికున్నామని వేలిముద్ర వేసిన రోజే బతికుండటానికి కావాల్సిన పరీక్షా అయిపోతుంది.

ఫౌజీ_బాబాయ్
ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైట్ స్పర్శ్ వచ్చాక ఫోన్లోనే మొహం చూపించి జీవన్ ప్రమాణ్, అదే లైఫ్ సర్టిఫికెట్, చేసేస్తున్నారు బుజ్జీ. ఎవరూ రారు.

కృష్ణలంక_కోడలు
మీరు చేస్తారు బాబాయ్ గారూ. మా అత్తయ్య మొహాన్ని ఆ యాప్ ఒక్కసారీ గుర్తుపట్టలేదు. ఇప్పటికీ నవంబరు వస్తే బ్యాంకుకే. నవంబరు మంచి ఆలోచనే.

మిర్చియార్డు
ఎప్పుడైనా పెట్టండి, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య మాత్రం వద్దు. మిరప కోతలు. కూలి ముట్టే రోజు వదులుకుని బీపీ చూపించుకోవడానికి పల్నాడు వైపు ఎవరూ రారు. మా పెద్దమ్మ కూడా జవాను భార్యే, పెన్షన్ వస్తున్నా కోతలకి వెళ్తుంది. "ఇంట్లో కూర్చుంటే ఒళ్ళు పట్టేస్తుంది" అంటుంది. కళ్ళు మాత్రం ఆ ఘాటుకి ఎర్రగా జీరలు తేలి ఉంటాయి. అదీ చూపించుకోదు.

గైనిక్_గుంటూరు
ఆ కంటి పరీక్ష కూడా లిస్టులో రాయండి. షుగరు ఉన్నవాళ్ళకి ఏటా రెటీనా చూడాలి.

ఫౌజీ_బాబాయ్
ఫోన్ మాటొచ్చింది కాబట్టి, సెహత్ ఓపీడీ అని ఉంది. 2021 మేలో రక్షణ శాఖ పెట్టింది. వీడియోలో డాక్టరుతో మాట్లాడొచ్చు, ప్రిస్క్రిప్షన్ ఇస్తారు. రిపోర్టులు వచ్చాక చదివించుకోవడానికి మళ్ళీ గుంటూరు పరిగెత్తక్కర్లేదు.

సిస్టర్_రిటైర్డ్
రిపోర్టు చదివించుకోవడానికి బానే ఉంది. రొమ్ములో గడ్డ వీడియోలో తెలియదు.

ఒంటరిగా ఉన్నవాళ్ళ మనసు గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. నిద్ర పట్టదు, తిండి తినాలనిపించదు, పండక్కి ఇల్లు కడగబుద్ధి కాదు. దాన్ని మా తరం "కొంచెం డల్‌గా ఉంది" అంటుంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఫైల్లో మొదటి పేజీ మీద ఆ నంబరు రాయండి.

పొన్నూరు_పిల్ల
రాస్తాను సిస్టర్.

లెక్కలమాస్టారు
చూసి వచ్చాను. పెద్దావిడకి ఆయుష్మాన్ ఎంచుకున్నట్టే నమోదైంది. ఆవిడకి ఆ సంగతి తెలియదు. బాబాయ్ గారూ, రేపు మీ దగ్గరికి పంపిస్తున్నాను.

ఫౌజీ_బాబాయ్
పదింటి తర్వాత పంపండి. కళ్ళజోడు, ఆధార్, పాత కార్డు అన్నీ పట్టుకురమ్మనండి.

పొన్నూరు_పిల్ల
మా సబ్‌సెంటర్‌కి వెళ్ళి వచ్చాను. ఏఎన్ఎం అక్క చెప్పినట్టే కాదనలేదు. తొమ్మిదిమంది పేర్లూ రాసుకున్నారు. గడియ నేనే వేయిస్తానన్నాను. పిన్ని ఒక షరతు పెట్టింది, రిజిస్టరు తన దగ్గరే ఉండాలట. రాత్రి కూర్చుని స్కేలుతో గళ్ళు గీసింది. పేరు, పుట్టిన సంవత్సరం, కార్డు నంబరు, ఆభా, బీపీ, షుగరు, తర్వాతి తేదీ, ఇలా. పన్నెండో గడి "రాకపోతే కారణం".

మిర్చియార్డు
పన్నెండో గడి చూస్తే చాలు, నర్సింగ్ ఆఫీసరని ఒప్పుకోవాలి.

సిస్టర్_రిటైర్డ్
ఆ గడి పెద్దదిగా గీయమనండి. దాంట్లోనే ఎక్కువ రాయాల్సి వస్తుంది. మా ఊళ్ళోవాళ్ళకి కూడా ఒకటి మొదలుపెడతాను, ఆ పేజీ ఫొటో పంపండి. కార్డు లేనివాళ్ళని కూడా కలుపుతాను.

బెజవాడ_బుజ్జి
మంగళగిరి వెళ్ళేరోజు ఆటో మాట్లాడుకోకండి. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఉచితమే. సీటు దొరకడం వేరే సంగతి. ఎయిమ్స్‌లో ఓపీ చీటీ కోసం పొద్దున్నే వెళ్ళాలి, ఎనిమిదికల్లా లైను పెరిగిపోతుంది.

పొన్నూరు_పిల్ల
ఊళ్ళో మొదటి విడత బుధవారం అనుకుంటున్నాం. పరగడుపున షుగరు చూస్తారు కాబట్టి ఏడున్నరకి రమ్మన్నాను. టిఫిన్ పిన్ని ఇంట్లో.

ఏఎన్ఎం_అక్క
బుధవారం, శనివారం పిల్లల టీకాలు చెల్లీ, మాకు ఊపిరాడదు. గురువారం పెట్టుకోండి. బీపీ మాత్రలు వాడేవాళ్ళు పొద్దున మాత్ర మానకుండా మంచినీళ్ళతో వేసుకుని రావాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ మాత్రం రక్తం తీసి టిఫిన్ పెట్టాకే.